మరిగే నీళ్లు, మునిగే బంగారం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా స్కూల్లో నీళ్లు మరిగించి థర్మామీటర్ పెడితే 98 డిగ్రీల దగ్గరే ఆగిపోయింది. మంట ఎంత పెంచినా కదల్లేదు. పుస్తకంలో 100 అని ఉంది కాబట్టి రికార్డులో 100 అనే రాయమంటున్నారు. థర్మామీటర్ పాడైందా?
– తొమ్మిదో తరగతి విద్యార్థిని, ఉప్పల్

జవాబు: థర్మామీటర్ బాగానే ఉండుంటుందమ్మా. రికార్డులో నువ్వు చూసిన 98నే రాయి, పక్కన ‘హైదరాబాద్’ అని కూడా రాయి. 100 డిగ్రీలన్నది సముద్రమట్టం దగ్గరి లెక్క. మన నగరం సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉంది. ఇంత ఎత్తులో మన పైనున్న గాలి కొంత తక్కువ, దాని ఒత్తిడీ తక్కువే. నీటి లోపల పుట్టిన ఆవిరి బుడగ పైనున్న గాలి ఒత్తిడికి అణిగిపోకుండా నిలవగలిగితేనే నీళ్లు మరిగినట్టు. ఒత్తిడి తగ్గినచోట ఆ ఘడియ ముందే వస్తుంది. సుమారు 300 మీటర్లకు ఒక డిగ్రీ చొప్పున మరుగు స్థానం పడిపోతుంది. ఆ లెక్కన మన దగ్గర 98.2, 98.3 డిగ్రీల మధ్య మరగాలి. ఇదే ప్రయోగం విశాఖ బీచ్ ఒడ్డున చేస్తే 100 కనిపిస్తుంది.

అయినా థర్మామీటర్‌ను అనుమానించడం మంచి అలవాటే. తేల్చుకోవడానికి ఐస్ చాలు. ఐస్‌ను మెత్తగా దంచి గ్లాసు నిండా వెయ్యి. ముక్కల మధ్య సందులు నిండేంత వరకే నీళ్లు పొయ్యి. థర్మామీటర్ బల్బు గ్లాసు గోడకూ అడుక్కూ తగలకుండా మధ్యలో నిలబెట్టి, కలుపుతూ ఐదు నిమిషాలు ఆగు. సున్నా చూపించాలి. ఐస్ కరిగే ఉష్ణోగ్రత మీద గాలి ఒత్తిడి ప్రభావం లెక్కలోకి రానంత తక్కువ. అందుకే ఏ ఊళ్లోనైనా ఈ పరీక్ష పనికొస్తుంది. ఐస్‌లో సున్నా, మరిగే నీళ్లలో 98 వస్తే పరికరం బాగున్నట్టే. ఐస్‌లోనే ఒకటో రెండో డిగ్రీలు తేడా చూపిస్తే, ఆ తేడాను మిగతా కొలతల్లోనూ సరిచేసుకోవాలి. ఒక జాగ్రత్త: ఫ్రీజర్ నుంచి అప్పుడే తీసిన ముక్కలు సున్నా కంటే చాలా చల్లగా ఉంటాయి. అవి కరగడం మొదలై నీళ్లు చేరాకే కొలవాలి.

మంట పెంచినా రీడింగ్ కదలకపోవడం గురించి అడిగావు. ఈ ప్రయోగంలో అసలు చూడాల్సింది అదే. ఒక గ్రాము నీటిని సున్నా నుంచి 100 డిగ్రీలకు తేవడానికి 100 కెలోరీలు పడతాయి. అదే గ్రామును, ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ కూడా పెరగకుండా, ఆవిరిగా మార్చడానికి దాదాపు 540 కెలోరీలు కావాలి. అణువులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్న పట్టు విడిపించడానికే ఆ వేడంతా ఖర్చవుతుంది. పెద్ద మంట వల్ల నీళ్లు త్వరగా ఆవిరవుతాయి, అంతకుమించి వేడెక్కవు. వంటింట్లోనూ అంతే: పప్పు కుతకుత ఉడుకుతున్నాక మంట తగ్గించినా ఉడికే వేగం మారదు. ఉప్పు వేస్తే నీళ్లు ఎక్కువ వేడి మీద మరుగుతాయన్న మాట నిజమే కానీ, లీటరు నీళ్లలో 58 గ్రాముల ఉప్పు కలిపితే పెరిగేది ఒక్క డిగ్రీ. ఆ పప్పు నోట పెట్టలేం. కుక్కర్ అయితే ఒత్తిడినే పెంచి నీటిని 120 డిగ్రీల దాకా తీసుకెళ్తుంది.

ప్రశ్న: లీటర్ సన్‌ఫ్లవర్ నూనె ప్యాకెట్‌ను తూకం వేస్తే 920 గ్రాములే వచ్చింది. షాపువాళ్లు మోసం చేస్తున్నారా?
– గృహిణి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: లేదండీ. లీటరంటే కిలో అన్నది నీళ్లకు మాత్రమే సరిపోయే లెక్క. నూనె సాంద్రత మి.లీ.కు 0.91 గ్రాములు, అంటే లీటరు నూనె 910 గ్రాములు. ప్యాకెట్ కవరు బరువు కూడా కలిసి మీకు 920 వచ్చింది. కవరు మీదే లీటరు పక్కన గ్రాములు అచ్చు వేసి ఉంటాయి, చూడండి. రెండు బ్రాండ్ల ధర పోల్చేటప్పుడు లీటర్లను కాకుండా ఆ గ్రాములనే చూడాలి. కారణం ఉంది. వేడికి నూనె వ్యాకోచిస్తుంది, డిగ్రీకి దాదాపు 0.07 శాతం. అందువల్ల లీటరు సోయా నూనె 21 డిగ్రీల దగ్గర 919 గ్రాములు తూగితే, 60 డిగ్రీల దగ్గర 893 గ్రాములే తూగుతుంది. కొందరు తయారీదారులు 60 డిగ్రీల లెక్కన లీటరు నింపుతున్నారని గమనించి, ఉష్ణోగ్రత ప్రస్తావన లేకుండా పరిమాణమూ సరైన బరువూ ముద్రించాలని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో చెప్పింది. ఎండాకాలమైనా చలికాలమైనా గ్రాములు మారవు.

ప్రశ్న: బంగారం అసలుదో కాదో నీళ్లలో తూచి ఇంట్లోనే తెలుసుకోవచ్చంటున్నారు. నిజమేనా? ఎలా చేయాలి?
– విశ్రాంత ఉద్యోగి, మల్కాజిగిరి

జవాబు: చేయొచ్చండీ. పద్ధతి పక్కాగా ఉండాలి, ఈ పరీక్షతో ఏం తెలుస్తుందో ఏం తెలియదో ముందే అర్థమై ఉండాలి.

0.01 గ్రాము వరకు చూపించే చిన్న డిజిటల్ కాటా కావాలి. గ్రాము గ్రాముకు చూపించే వంటింటి కాటా దీనికి పనికిరాదు. ముందు నగను పొడిగా తూచి రాసుకోండి. తర్వాత సగానికి పైగా నీళ్లున్న గ్లాసును కాటా మీద పెట్టి, రీడింగ్‌ను సున్నా చేయండి. నగను సన్నటి నైలాన్ దారానికి కట్టి, చేత్తో కాకుండా ఏదైనా స్టాండుకు వేలాడదీసి, మొత్తం మునిగేలా నీళ్లలోకి దించండి. అడుక్కు గానీ గోడకు గానీ తగలకూడదు. ఇప్పుడు కాటా చూపించే గ్రాములే ఆ నగ ఘనపరిమాణం, మిల్లీలీటర్లలో. నగ పక్కకు నెట్టిన నీటి బరువంతే గ్లాసు మీద అదనంగా పడుతుంది. ఆ నీటి ప్రతి గ్రామూ ఒక మిల్లీలీటరే. పొడి బరువును ఈ సంఖ్యతో భాగిస్తే సాంద్రత వస్తుంది.

స్వచ్ఛమైన 24 క్యారెట్ల బంగారం సాంద్రత 19.3. 22 క్యారెట్లది రాగి ఎంత, వెండి ఎంత కలిపారన్న దాన్ని బట్టి దాదాపు 17.5 నుంచి 18. 18 క్యారెట్లది 15 నుంచి 16. వెండి 10.5, రాగి 8.96. రెండు తులాల, అంటే 20 గ్రాముల గాజు తీసుకోండి. 22 క్యారెట్లయితే నీళ్లలో 1.13 చూపించాలి, 18 క్యారెట్లయితే 1.29 దాకా రావాలి. రెంటికీ మధ్య తేడా గ్రాములో ఆరో వంతు కూడా లేదు. అందుకే ఇక్కడ చిన్న పొరపాటు కూడా ఫలితాన్ని మార్చేస్తుంది. చెక్కుడు పని సందుల్లో 0.05 మి.లీ. గాలి బుడగ ఇరుక్కుంటే 1.13 కాస్తా 1.18 అవుతుంది, సాంద్రత 17కి దిగిపోతుంది. మంచి బంగారాన్ని అన్యాయంగా అనుమానిస్తాం. నీళ్లలో ఒక్క చుక్క గిన్నెల సబ్బు వేసి, నగను మెల్లగా ఆడిస్తే బుడగలు వదిలిపోతాయి. నగ అడుక్కు తగిలితే దాని బరువే కాటా మీద పడి రీడింగ్ ఒక్కసారిగా ఎగబాకుతుంది. నూలుదారం నీరు పీల్చుకుంటుంది కాబట్టి వాడొద్దు.

లక్క నింపిన గాజులు, రాళ్లు పొదిగినవి, నల్లపూసలు, లోపల బోలుగా ఉండే గుండ్లు ఈ పరీక్షకు పెట్టకండి. లోపలి లక్క, రాయి, గాలి అన్నీ కలిసి సాంద్రత తక్కువగా కనిపిస్తుంది, అది బంగారం తప్పు కాదు. గట్టి గాజు, గట్టి ఉంగరం, నాణెం లాంటివే తగినవి. సాంద్రత సరిపోయినంత మాత్రాన బంగారమేనని ఖాయం చేసుకోవడమూ కుదరదు. టంగ్‌స్టన్ సాంద్రత 19.25. దాన్ని లోపల పెట్టి పైన బంగారం పూస్తే నీళ్ల పరీక్ష పట్టుకోలేదు. గట్టి నగ 12, 13 చూపిస్తే మాత్రం 22 క్యారెట్లు కాదని గట్టిగా చెప్పొచ్చు. కొనేటప్పుడు ఆధారం హాల్‌మార్కే. నగ మీద అక్షరాలూ అంకెలూ కలిపి ఆరు ఉండే గుర్తింపు కోడ్‌ను (హెచ్‌యూఐడీ) భారత ప్రమాణాల సంస్థ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూసుకోండి.

బంగారం ఎందుకంత బరువన్నదీ చెప్పాలి. ఘనపదార్థాల్లో పరమాణువులు వరసగా పేర్చుకుని ఉంటాయి. బంగారంలోనూ వెండిలోనూ ఆ పేర్పు ఒకే రకం. పక్కపక్క పరమాణువుల కేంద్రాల మధ్య దూరమూ దాదాపు ఒకటే: బంగారంలో 0.288 నానోమీటర్లు, వెండిలో 0.289. నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు. కాబట్టి ఒకే సైజు బంగారు ముక్కలోనూ వెండి ముక్కలోనూ పరమాణువుల సంఖ్య ఇంచుమించు సమానం. తేడా ఒక్కో పరమాణువు బరువులోనే ఉంది. పరమాణు భారం బంగారానికి 197, వెండికి 108. భాగించండి: 1.82. ఇప్పుడు 19.3ని 10.5తో భాగించండి: 1.84. కంటికి కనిపించని పరమాణువు లెక్కా, చేతిలోని నగ లెక్కా ఇంత దగ్గరగా కలిసిపోవడం రసాయనశాస్త్రంలో నాకు ఎంతో ఇష్టమైన విషయం. పదో తరగతి పిల్లలతో ఈ రెండు భాగహారాలు తప్పక చేయించాలి.

ప్రశ్న: బంగారు పరమాణువు పసుపుగా ఉంటుందా? ఐస్‌లోని అణువులు గట్టిగా, ఆవిరిలోవి మెత్తగా ఉంటాయా?
– ఎనిమిదో తరగతి విద్యార్థి, బోడుప్పల్

జవాబు: రెండూ కాదు బాబూ. రంగు, గట్టిదనం, కరగడం ఇవన్నీ కోటానుకోట్ల పరమాణువులు కలిసి ఉన్నప్పుడు వచ్చే లక్షణాలు. ఒంటరి పరమాణువుకు ద్రవీభవన స్థానం అంటూ ఉండదు. ఐస్‌లో, నీళ్లలో, ఆవిరిలో ఉన్నది ఒకే నీటి అణువు. అది ఉబ్బదు, మెత్తబడదు. మారేది అణువుల మధ్య దూరం, వాటి కదలిక. ఒక మిల్లీలీటరు నీళ్లు 100 డిగ్రీల దగ్గర ఆవిరైతే దాదాపు 1,700 మిల్లీలీటర్లు ఆక్రమిస్తాయి, అణువుల సంఖ్య మాత్రం అంతే. ఆ సంఖ్య ఎంత పెద్దదో తెలియాలంటే, 5 మి.లీ. చెంచాడు నీళ్లలో ఉండే అణువులు 167 పక్కన 21 సున్నాలు. ఐస్ సంగతి కాస్త వేరు. గడ్డకట్టేటప్పుడు నీటి అణువులు మధ్యలో ఖాళీలు వదిలి పేర్చుకుంటాయి కాబట్టి ఘనపరిమాణం 9 శాతం పెరుగుతుంది. నిండా నీళ్లు పోసి ఫ్రీజర్‌లో పెట్టిన గాజు సీసా పగిలేది అందుకే.

ప్రశ్న: గ్యాస్ బండ మానేసి పైపు గ్యాస్‌కు మారుతున్నాం. లీకేజీ అలారం గోడకు కింద బిగించాలా, పైన బిగించాలా? ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతున్నారు.
– అపార్ట్‌మెంట్ వాసి, కూకట్‌పల్లి

జవాబు: ఇద్దరు చెప్పిందీ నిజమే కావచ్చు, ఎందుకంటే రెండూ వేర్వేరు వాయువులు. ఒకే ఉష్ణోగ్రత, ఒకే ఒత్తిడి దగ్గర సమాన ఘనపరిమాణంలో ఏ వాయువైనా సమాన సంఖ్యలో అణువులుంటాయని అవగాడ్రో అనే శాస్త్రవేత్త 1811లోనే ప్రతిపాదించాడు. కనుక ఏది పైకి పోతుందో తెలియాలంటే అణుభారాలు చూస్తే సరి. గాలి సగటు 29. బండలోని ప్రొపేన్ 44, బ్యూటేన్ 58, రెండూ గాలి కంటే బరువు. అందుకని లీకైన బండ గ్యాస్ నేల మీద పరుచుకుని, కిటికీ తెరిచినా త్వరగా పోదు. పైపు గ్యాస్‌లో ప్రధానంగా ఉండే మీథేన్ 16 మాత్రమే, అది పైకప్పు కింద చేరుతుంది. బండకు అలారం నేల నుంచి జానెడు ఎత్తులో ఉండాలి. పైపు గ్యాస్‌కు పైకప్పు నుంచి అడుగు లోపు ఉండాలి. కొనేటప్పుడు అది ఏ వాయువుకు తయారైనదో పెట్టె మీద చదవండి.

పైపు గ్యాస్ తేలిక కదా అని నిర్లక్ష్యం వద్దు. గాలిలో బండ గ్యాస్ దాదాపు 2 శాతం చేరితే అంటుకోగలదు, మీథేన్ 5 శాతం చేరితే అంటుకుంటుంది. మూసి ఉన్న వంటింటికి రెండూ ప్రమాదమే. వాసన వస్తే రెగ్యులేటర్ గానీ పైపు వాల్వ్ గానీ కట్టేసి, తలుపులూ కిటికీలూ తెరిచి, బయటికి వచ్చాకే ఫోన్ చేయండి. బండ లీకైతే 1906కి చేయాలి. పైపు గ్యాస్‌కు మీ సరఫరా సంస్థ బిల్లు మీద ఇచ్చిన అత్యవసర నంబరుకు చేయండి. ఏ స్విచ్చూ వేయొద్దు, ఆపొద్దు కూడా. గ్యాస్ పోతుందని చాలామంది ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తారు, అంటుకోవడానికి ఆ స్విచ్‌లో పుట్టే చిన్న నిప్పురవ్వ చాలు. ట్యూబ్ జాయింట్లను అప్పుడప్పుడు సబ్బు నురగ రాసి చూడండి, బుడగ ఉబ్బిందంటే లీకున్నట్టే. అగ్గిపుల్ల గీసి మాత్రం ఎప్పుడూ వెతకొద్దు.