స్టామ్‌ఫర్డ్ చూడబోయే సుధకు

చిరంజీవి సుధకు పెదనాన్న ఆశీస్సులు.

లెస్టర్‌లో ఉద్యోగంలో కుదురుకున్నాక ఇంగ్లండులోని పాత సంత పట్టణాలను చూడాలనుకుంటున్నావని, ఎక్కడ మొదలుపెట్టి ఎలా చూడాలో చెప్పమని రాశావు. చాలా సంతోషం. నా మొదటి సలహా, అన్నిటికన్నా ముఖ్యమైనది, రోజుకు ఒక్క ఊరే పెట్టుకొమ్మని. ఒక ఊరి వీధులు, ఇళ్లు, చర్చి, పబ్బులు ఎందుకు అలా ఏర్పడ్డాయో నిదానంగా తెలుసుకున్నావంటే తరువాత చూసే ఊళ్లలో సగం సంగతులు ఎవరూ చెప్పకుండానే నీకు అర్థమవుతాయి.

ఆ మొదటి ఊరు స్టామ్‌ఫర్డ్ కావాలని నా కోరిక. లెస్టర్ నుంచి పీటర్‌బరో వైపు వెళ్లే రైలు ఎక్కితే ఎక్కడా మారకుండా దిగవచ్చు. శుక్రవారం సెలవు దొరికేలా చూసుకో, ఎందుకంటే అక్కడ పెద్ద సంత ఆ రోజే. బ్రాడ్ స్ట్రీట్ అంత వెడల్పుగా ఎందుకుందో మామూలు రోజున ఊహించుకోవాలి గానీ, సంత రోజున దుకాణాల వరుసలు నిలబడగానే అది కళ్ల ముందు కనిపిస్తుంది.

ఆ ఊరి సంపదకు మూలం ఉన్ని. రెడ్ లయన్ స్క్వేర్ పక్కన ఉన్న ఆల్ సెయింట్స్ చర్చిలోకి వెళ్లి, 15వ శతాబ్దపు ఉన్ని వర్తకుడు విలియం బ్రౌన్ సమాధిపై ఉన్న ఇత్తడి ఫలకాన్ని వెతుకు. అందులో ఆయన పాదాల కింద ఉన్ని మూటలు చెక్కి ఉంటాయి. తన డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో దాచుకోకుండా దేవుడి సన్నిధిలోనే చెప్పుకొన్న ఆ మనిషిపై నాకు గౌరవం. ఆయన పేద వృద్ధుల కోసం కట్టించిన బ్రౌన్స్ హాస్పిటల్ బ్రాడ్ స్ట్రీట్‌లో ఇప్పటికీ వృద్ధులకు నివాసంగానే ఉంది.

ఇంత పాత ఊరు ఇలా ఎలా మిగిలిందని నీకు సందేహం రావాలి. లండన్ నుంచి ఉత్తరాదికి పోయే గ్రేట్ నార్త్ రోడ్డు ఈ ఊరి మధ్య నుంచే పోయేది కాబట్టి, 1784లో తపాలా కోచ్‌లు, అంటే ఉత్తరాలనూ ప్రయాణికులనూ మోసే గుర్రపు బండ్లు, మొదలైన తరువాత ఇక్కడి సత్రాలు బాగా బతికాయి. 1852 నాటి ప్రధాన రైలు మార్గం మాత్రం పీటర్‌బరో మీదుగా పోయింది. అందువల్ల కర్మాగారాలూ కొత్త పేటలూ పీటర్‌బరోలో వెలిశాయి, స్టామ్‌ఫర్డ్ రాతి ఇళ్లతో అలాగే ఉండిపోయింది. 1967లో పాత ఊళ్లను మొత్తంగా కాపాడే చట్టం వచ్చినప్పుడు ఇంగ్లండులో మొట్టమొదటి సంరక్షిత ప్రాంతంగా ప్రకటించింది దీన్నే. 600కు పైగా భవనాలు చట్టరక్షణ పొందిన జాబితాలో ఉన్నాయి. పాత కట్టడాల సంరక్షణ చూసే హిస్టారిక్ ఇంగ్లండ్ సంస్థ వెబ్‌సైటులో ఆ జాబితా ఉచితంగా దొరుకుతుంది. బయలుదేరే ముందు రాత్రి నాలుగైదు భవనాల వివరాలు చదువుకొని వెళ్లు.

నడిచేటప్పుడు తల ఎత్తి చూడు. కింది అంతస్తును దుకాణం అద్దాలు మార్చేసి ఉంటాయి, వయసు తెలిసేది పై అంతస్తులోనే. చక్కని రాతి ముఖంతో, వరుసైన కిటికీలతో 18వ శతాబ్దపు ఇల్లులా కనిపించేదాని పక్కసందులోకి వెళితే, కొన్నిచోట్ల వెనుక అంతకు ముందటి కర్ర చట్రపు ఇల్లు బయటపడుతుంది. పైకప్పులను కప్పిన కాలీవెస్టన్ రాతి పలకలను ప్రత్యేకంగా గమనించు. దగ్గరి గనుల్లో తవ్విన సున్నపురాతిని తడిపి చలికాలపు మంచులో వదిలేస్తే పొరలుగా విడిపోయేది. ఆ పలకలలో పెద్దవాటిని చూరు దగ్గర, చిన్నవాటిని కొప్పు దగ్గర పేర్చుతారు. ఇక మూసేసిన కిటికీ కనిపించగానే, ఇంటి కిటికీల లెక్కను బట్టి వేసిన కిటికీ పన్ను తప్పించుకోవడానికే మూశారని అనుకోవద్దు. 1696 నుంచి 1851 వరకు ఆ పన్ను ఉన్నమాట నిజమే గానీ, ముఖభాగం రెండు వైపులా సమంగా కనిపించడానికి మొదటి నుంచే మూసి కట్టిన కిటికీలు కూడా ఎన్నో ఉన్నాయి.

పబ్బుల గురించి సంకోచిస్తూ అడిగావు. మద్యం ముట్టనివారు కూడా నిస్సంకోచంగా వెళ్లవచ్చు, ఒంటరిగా వెళ్లినా ఎవరూ వింతగా చూడరు. పాత పబ్బు గోడలు, దూలాలు, పొయ్యి గూళ్లు కూడా ఊరి చరిత్రలో భాగమే కాబట్టి వాటిని వదిలేస్తే ఊరు సగమే చూసినట్టు. బల్ల దగ్గర కూర్చొని ఎవరో వస్తారని ఎదురుచూడకు. బారు దగ్గరికి వెళ్లి ఏం కావాలో చెప్పి, అక్కడే డబ్బు చెల్లించాలి. నిమ్మరసం కలిపిన సోడా అడిగినా, టీ అడిగినా మర్యాదగానే ఇస్తారు. చాలాచోట్ల మధ్యాహ్నం వంటగది మూసేస్తారు కనుక భోజనానికి రెండు దాటనివ్వకు. మాంసం తినవు కాబట్టి సూపు ఏ రసంతో కాచారో అడిగి తెలుసుకో.

స్టామ్‌ఫర్డ్‌లో జార్జ్ హోటల్‌కు తప్పక వెళ్లు. దాని పేరు బోర్డు రోడ్డుకు అడ్డంగా ఈ చివరి నుంచి ఆ చివరి వరకు దూలంలా సాగి ఉంటుంది. లోపల లండన్ అని ఒక గది, యార్క్ అని ఒక గది ఉంటాయి. ఏ దిక్కుకు పోయే ప్రయాణికులు ఆ దిక్కు గదిలో కోచ్ కోసం వేచి ఉండేవారు. ఆ రెండు తలుపుల మధ్య కాసేపు నిలబడితే సత్రం చేసిన పని ఏమిటో ఏ పుస్తకమూ చెప్పలేనంత స్పష్టంగా తెలుస్తుంది.

అక్కడి నుంచి కొద్దిదూరంలోనే సెయింట్ మార్టిన్స్ చర్చి. మొదటి ఎలిజబెత్ రాణి మంత్రి, 1598లో మరణించిన విలియం సెసిల్ సమాధి అందులో ఉంది. ఆయన కట్టించిన బర్లీ హౌస్ అనే పెద్ద భవనం ఊరి బయటే ఉన్నా, దానికి వేరే రోజు కేటాయించు. రైలు దారిలో వచ్చే ఓకమ్ అనే ఊళ్లో 12వ శతాబ్దపు కోట సభామందిరం, గోడలనిండా గుర్రపు నాడాలు ఉన్నాయి, అది కూడా మరోసారికి ఉంచుకో.

జాబితాలోని ఇళ్లలో ఎక్కువ భాగం మనుషులు కాపురముంటున్నవే. కిటికీలకు కెమెరా ఆనించవద్దు, పెరటి సందులోకి వెళ్లేముందు అది అందరూ నడిచే బాటేనా అని చూసుకో. చర్చిలో హుండీ కనిపిస్తే నీకు తోచినంత వెయ్యి, ఆ కప్పుల మరమ్మతుకు ఎంత డబ్బయినా చాలదు. మామూలుగా మూసి ఉండే భవనాలు ఎన్నో సెప్టెంబరులో హెరిటేజ్ ఓపెన్ డేస్ రోజుల్లో ఉచితంగా తెరుస్తారు. నీ సెలవుల్లో రెండు ఆ నెలకు దాచుకో.

ఆశీస్సులతో,
పెదనాన్న