కట్టడాల దగ్గర జ్వరాలు: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

వానలు మొదలైన దగ్గర నుంచి ఈ శీర్షికకు వస్తున్న ఉత్తరాలలో నిర్మాణ కార్మికుల జ్వరాలకు సంబంధించినవే ఎక్కువగా ఉన్నాయి. అందుచేత ఈసారి ఆ ఒక్క విషయానికే స్థలం కేటాయిస్తున్నాము. రాసినవారి కోరిక మేరకు పేర్లు ఇవ్వడం లేదు.

*ప్రశ్న: నార్సింగి వైపు కడుతున్న ఒక బహుళ అంతస్తుల భవనంలో పని చూస్తున్నాను. మా లేబర్ క్యాంపులో వరసగా ఐదుగురికి డెంగీ అని తేలింది. రోజూ సాయంత్రం పొగ కొట్టిస్తున్నా కొత్త జ్వరాలు ఆగడం లేదు. క్యాంపు ఖాళీ చేయించి అందరినీ ఊళ్లకు పంపేద్దామని మా మేనేజరుగారు అంటున్నారు. ఏం చేయమంటారు? – సైటు ఇంజనీరు, హైదరాబాద్*

ముందుగా, ఎవరినీ ఊరికి పంపవద్దు. డెంగీ సోకిన మనిషి రక్తంలో జ్వరం వచ్చిన మొదటి ఐదు రోజుల పాటు వైరస్ ఎక్కువగా ఉంటుంది. ఆ రోజుల్లో అతన్ని రైలెక్కిస్తే జబ్బును మరో ఊరి దోమలకు అందించినట్లే అవుతుంది. మీ సైటులోని దోమలు మాత్రం ఎక్కడివక్కడే ఉంటాయి.

ఇక పొగ సంగతి. డెంగీని మోసే ఏడిస్ దోమ పగలు కుడుతుంది. తెల్లవారిన తరువాత రెండు మూడు గంటలు, పొద్దు గూకే ముందు రెండు మూడు గంటలు దాని ఉధృతి ఎక్కువ. మీరు సాయంత్రం ఆరుబయట పొగ కొట్టించినా అది ఎక్కువగా రేకుల షెడ్డు లోపలే, మంచాల కింద, దండెం మీది బట్టల వెనుక నక్కి ఉంటుంది. ఒకవేళ పొగ తగిలి కొన్ని దోమలు చచ్చినా నీళ్లలో ఉన్న పిల్ల పురుగులకు ఏమీ కాదు. జ్వరం వచ్చినవారి షెడ్డులోను, ఆ చుట్టుపక్కల షెడ్లలోను లోపలి భాగాన మందు పిచికారీ చేయించడం వల్ల ఉపయోగం ఉంది. గేటు బయట పొగబండి తిప్పడం నా దృష్టిలో చూసేవారి తృప్తి కోసమే.

అసలు పని నీటి దగ్గర ఉంది, అది మీ చేతిలోని పనే. సాధారణ సిమెంటుతో పోసిన స్లాబును కనీసం 7 రోజులు, ఫ్లై యాష్ (బొగ్గు బూడిద) వంటివి కలిసిన సిమెంటు అయితే కనీసం 10 రోజులు తడిగా ఉంచాలని కాంక్రీటు పనులకు సంబంధించిన ఐఎస్ 456 ప్రమాణం చెబుతున్నది మీకు తెలిసినదే. ఏడిస్ గుడ్డు మన వాతావరణంలో దోమగా మారడానికి పట్టే కాలం కూడా దాదాపు అంతే. అంటే గట్లు కట్టి, మడులలో నీళ్లు నిలిపి, తగ్గినప్పుడల్లా పైపుతో నింపుతూ పోయే పద్ధతిలో స్లాబుతో పాటు దోమలను కూడా మనమే పెంచుతున్నాము. ఇలా తడిపి ఉంచడాన్ని (క్యూరింగ్) మానమని ఎవరూ అనరు. నాలుగు రోజులకు ఒకసారి మడులలోని నీటిని పూర్తిగా ఊడ్చి, ఆ పూటే కొత్త నీరు పెట్టించండి. కాంక్రీటు ఆరిపోయేంత వ్యవధి ఉండదు, పురుగు దోమ అయ్యేంత వ్యవధీ ఉండదు. అయితే ఊడ్చిన నీరు షాఫ్టులో నుంచి సెల్లారులోకి దిగిపోతే పని చేసి ప్రయోజనం లేదు. ఎండిన నేల మీదికి పోయేలా దారి చూపాలి. వీలున్న చోట తడి గోనెపట్టాలు పరిస్తే ఈ బాధే ఉండదు.

లిఫ్టు గుంతను ఎవరూ చూడరు, అందుకే మొదట దాన్నే చూడండి. తోడడానికి వీలు లేని నీరైతే దోమల నూనె గానీ లార్వా మందు గానీ వేయించాలి. మీ మునిసిపల్ సంస్థలో దోమల నివారణ చూసే ఎంటమాలజీ విభాగంవారిని పిలిస్తే ఎంత మోతాదులో వేయాలో చెబుతారు. నెలల తరబడి నిలిచిపోయే సెల్లారు నీటిలో దోమ పిల్లలను తినే గంబూసియా చేపలు వదలవచ్చు. పనివారు నీళ్లు పట్టుకునే డ్రమ్ములను వారానికి ఒకసారి ఒలకబోసి ఊరుకుంటే చాలదు, లోపలి గోడను పీచుతో గట్టిగా రుద్ది కడగాలి. ఏడిస్ గుడ్లు నీటి అంచుకు కాస్త పైన అంటుకుని ఉంటాయి, నీరు లేకపోయినా నెలల తరబడి బతికి ఉండి మళ్లీ తడి తగలగానే పొదుగుతాయి. సిమెంటు బస్తాల మీద కప్పిన టార్పాలిన్ మడతలు, పారేసిన పెయింటు డబ్బాలు కూడా ఈ లెక్కలోకే వస్తాయి.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. పనామా కాలువ తవ్వబోయి ఫ్రెంచివారు జబ్బులకు, ప్రమాదాలకు దాదాపు 22,000 మంది పనివారిని పోగొట్టుకున్నారు. చీమలు ఎక్కకుండా ఆసుపత్రి మంచాల కోళ్ల కింద వాళ్లు పెట్టిన నీటి గిన్నెలలోనే దోమలు పెరిగాయి. 1904లో ఆ పని అమెరికా చేతికి వచ్చాక సైనిక వైద్యుడు విలియం గోర్గస్ నీటి తొట్లకు మూతలు పెట్టించి, గుంతలలో నూనె పోయించి, రోగులను దోమతెరల్లో ఉంచి రెండేళ్లలో ఎల్లో ఫీవర్‌ను అదుపు చేశాడు. దాన్ని మోసేది కూడా ఈ ఏడిస్ దోమే.

జ్వరం వచ్చినవారిని పగటిపూట కూడా దోమతెరలోనే పడుకోబెట్టండి. రాత్రి షిఫ్టు చేసి పగలు నిద్రపోయేవారికి కూడా దోమతెరలు ఇవ్వాలి, ఏడిస్‌కు తేలికగా దొరికేది వాళ్లే. నీరంతా ఇవాళే తీసివేసినా ఇప్పటికే కాటు పడినవారి జ్వరాలు, ఇప్పటికే ఎగురుతున్న దోమలు అంటించే జ్వరాలు మరో రెండు మూడు వారాలు బయటపడుతూనే ఉంటాయి. అది చూసి చేస్తున్న పని మానవద్దు.

*ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా. మా సెంట్రింగ్ జట్టులో కుర్రాళ్లు జ్వరం వచ్చినా చెప్పడం లేదండి. సందులో ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుని పనిలోకి దిగిపోతున్నారు. మొన్న ఒకడు పరంజా మీద కళ్లు తిరిగి కూలబడ్డాడు. ఎంత మందలించినా వినడం లేదు. – మేస్త్రీ, హైదరాబాద్*

మేస్త్రీగారూ, మందలింపుతో అయ్యే పని కాదిది. జ్వరం ఉందని చెబితే ఆ రోజు నాగా పడుతుంది. నాగా పడితే కూలీ పోతుంది, బట్వాడా రోజున ఇంటికి పంపే డబ్బు తగ్గుతుంది. జ్వరం దాచుకోవడం వారి అజ్ఞానం కాదు, మన హాజరు పట్టీ వాళ్లకు నేర్పిన పాఠం. జ్వరం ఉందని చెప్పినవారికి మొదటి మూడు రోజులు కూలీ, కనీసం సగం కూలీ అయినా, ఇప్పించేలా మీ కాంట్రాక్టరుతో మాట్లాడండి. అలా ఇస్తే దొంగ జ్వరాలు వస్తాయని ఆయన అనవచ్చు. ఒకటి రెండు వస్తాయి కూడా. పరంజా మీది నుంచి ఒక మనిషి పడితే ఆగిపోయే పని ముందు ఆ ఖర్చు లెక్కలోకి రాదు.

పొద్దున హాజరు వేసేటప్పుడు ఒక్కొక్కరినీ వారి భాషలోనే జ్వరం, విరేచనాలు, దద్దుర్లు ఉన్నాయా అని అడగండి. థర్మామీటరు తుపాకీ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు, మాత్ర వేసుకుని వచ్చినవాడి నుదురు చల్లగానే ఉంటుంది.

ఆ సూదుల గురించి మాత్రం గట్టిగానే చెప్పండి. ఒళ్లు నొప్పులకు సాధారణంగా వేసే డైక్లోఫెనాక్, అలాగే ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ వంటివి డెంగీలో రక్తస్రావాన్ని పెంచుతాయి. డెంగీ కాదని తేలేదాకా జ్వరానికి పారాసిటమాల్, తాగడానికి ఓఆర్‌ఎస్, గంజి, కొబ్బరినీళ్లు చాలు. చాలామంది మోసపోయేది జ్వరం తగ్గినప్పుడే. మూడో రోజు నుంచి ఏడో రోజు లోపల జ్వరం దిగుతుండగా కడుపులో తీవ్రమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి గానీ ముక్కు నుంచి గానీ రక్తం, నల్లటి విరేచనం, చేతులు కాళ్లు చల్లబడడం, మూత్రం తగ్గిపోవడం వంటివి కనిపిస్తే వెంటనే 108కు ఫోన్ చేసి పెద్దాసుపత్రికి చేర్చాలి. జ్వరం తగ్గింది కదా అని ఆ రోజే పనిలోకి దింపవద్దు.

*ప్రశ్న: మా సైటుకు ఒడిశా నుంచి కొత్త జట్టు వచ్చింది. వాళ్లలో ఇద్దరికి మలేరియా బయటపడింది. వాళ్లను విడిగా ఉంచాలని, వాళ్ల గ్లాసులు ముట్టుకోకూడదని మిగిలినవారు గొడవ చేస్తున్నారు. – సబ్ కాంట్రాక్టరు, పటాన్‌చెరు*

గ్లాసు వల్ల, పక్కన కూర్చోవడం వల్ల మలేరియా రాదు. అది దోమ వల్ల వస్తుందనడానికి కీలకమైన ఆధారం దొరికినది మీకు పాతిక ముప్పై కిలోమీటర్ల దూరంలోనే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశారు, బేగంపేటలో ఆ భవనం ఇప్పటికీ ఉంది. మలేరియా ఎక్కువగా ఉన్న అటవీ జిల్లాల నుంచి వచ్చినవారి రక్తంలో జ్వరం లేకపోయినా పరాన్నజీవి ఉండవచ్చు. నగరంలో దాన్ని మోసే అనాఫిలిస్ స్టిఫెన్సీ దోమ మూత లేని ట్యాంకుల్లో, కట్టడాల దగ్గర నిలవ నీటిలో పెరిగి, రాత్రిపూట కుడుతుంది. పరాన్నజీవి వారితో వచ్చి ఉండవచ్చు గానీ, దోమను పెంచింది మీ సైటే కనుక తప్పు ఒక్కరి మీదకు తోయడం న్యాయం కాదు.

కొత్త జట్టు దిగిన మొదటి వారంలోనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంవారిని గానీ బస్తీ దవాఖానావారిని గానీ అడిగి అందరికీ రక్తపరీక్ష చేయించండి. వైవాక్స్ రకమని తేలితే మూడు రోజుల క్లోరోక్విన్‌తో పాటు 14 రోజుల ప్రైమాక్విన్ కూడా పూర్తి చేయాలి. గర్భిణులకు, జీ6పీడీ (ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైము) లోపం ఉన్నవారికి ప్రైమాక్విన్ ఇవ్వరు కాబట్టి అది డాక్టరు చెప్పిన తరువాతే వేసుకోవాలి. మూడో రోజుకే జ్వరం పోతుంది, నాలుగో రోజుకు మాత్రలు మూలన పడతాయి, కాలేయంలో దాగిన పరాన్నజీవి కొన్ని నెలలకు మళ్లీ లేస్తుంది. ఈ మధ్యలో మనిషి మరో సైటుకు మారితే చికిత్స తెగిపోతుంది. అందుచేత జట్టును పంపేటప్పుడు మందుల చీటీ, మిగిలిన మాత్రలు చేతికిచ్చి, తీసుకుపోయే మేస్త్రీకి చెప్పి పంపండి.

*ప్రశ్న: మేము భార్యాభర్తలం ఇద్దరమూ కట్టుబడి పనికే పోతాం. క్యాంపులో పిల్లలకు వాంతులు, విరేచనాలు. తాగే నీళ్లూ స్లాబుకు కొట్టే నీళ్లూ ఒకే సంపులోవి. మాకు అడిగే హక్కు ఉందా? – ఒక తల్లి, సంగారెడ్డి జిల్లా (మా పాఠకురాలు ఒకరు రాసి పంపారు)*

ఉందమ్మా. 1996 నాటి భవన, ఇతర నిర్మాణ కార్మికుల చట్టం ఇవన్నీ యజమాని బాధ్యతగానే చెప్పింది. మంచినీరు, మరుగుదొడ్లు, ఉచిత వసతి, వంటకు, స్నానానికి చోటు ఆయనే ఏర్పాటు చేయాలి. తాగునీటి కుండీ మరుగుదొడ్డికీ కడుగుడు చోటుకూ 6 మీటర్ల లోపల ఉండకూడదని కూడా అందులో ఉంది. ఆ చట్టాన్ని 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్య స్మృతిలో కలిపారు, అయినా ఈ కనీస వసతుల బాధ్యత యజమానిదే. ఒక్కరుగా కాక, నలుగురు కలిసి మేస్త్రీ ద్వారా అడగండి.

పిల్లవాడి సంగతి ముందు చూడండి. ఒక ఓఆర్‌ఎస్ ప్యాకెట్‌ను ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో కలిపి కొద్దికొద్దిగా తాగించండి, పాలు మాన్పించవద్దు. జింకు మాత్రలను ఆశా కార్యకర్త ఇస్తారు, విరేచనాలు ఆగినా 14 రోజులు వేయాలి. కళ్లు గుంటలు పడినా, తాగలేకపోయినా, మలంలో రక్తం ఉన్నా, విరేచనం బియ్యం కడుగు నీళ్లలా పోతున్నా ఆసుపత్రికి తీసుకుపోవాలి.

సైటు చూసేవారికి ఒక మాట. తాగునీటికి వేరే ట్యాంకు పెట్టి, మూత వేసి, కొళాయి బిగించండి. వెయ్యి లీటర్లకు సుమారు 2.5 గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడరు కలిపి, గంట తరువాత లీటరుకు కనీసం 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలిందో లేదో చూడాలి. మూట విప్పి నెలలపాటు ఉంచిన పౌడరులో సత్తువ ఉండదు. పై అంతస్తులకు నీళ్ల క్యాన్లు ఎక్కించకపోతే మనుషులు క్యూరింగ్ పైపే నోటికి పెట్టుకుంటారు. పదిహేనో అంతస్తు నుంచి నీళ్ల కోసం కిందికి దిగి వచ్చేవారెవరు?

*ప్రశ్న: సింగపూర్‌లో సేఫ్టీ సూపర్‌వైజరుగా ఉన్నాను. 2020లో ఇక్కడి డార్మిటరీలలో జరిగినది చూశాను. మన దగ్గర మళ్లీ అటువంటి శ్వాసకోశ వ్యాధి వస్తే ఏం చేయాలి? – తెలుగు పాఠకుడు, సింగపూర్*

మీరు చూసినదే పెద్ద పాఠం. అప్పట్లో అక్కడి వలస కార్మికుల డార్మిటరీలలో సుమారు 3,23,000 మంది ఉండేవారు. ఆ ఏడాది డిసెంబరు నాటికి వారిలో 47 శాతం మందికి కరోనా వైరస్ సోకినట్లు పరీక్షల్లో తేలింది. సైటులో ఎన్ని మాస్కులు ఇచ్చినా రాత్రి ఒకే గదిలో అంతమంది పడుకుంటే చేయగలిగింది తక్కువ. 2021లో సింగపూర్ ప్రకటించిన కొత్త ప్రమాణాలలో గదికి 12 మందికి మించకూడదని, మనిషికి 4.2 చదరపు మీటర్ల చోటు, మంచానికీ మంచానికీ మీటరు ఎడం ఉండాలని చేర్చారు. మన రేకుల షెడ్లలో మొదట చేయదగినది ఎదురెదురు గోడలకు కిటికీలు పెట్టడం, జ్వరం వచ్చినవారికి ఒకటి రెండు గదులు ఖాళీగా అట్టేపెట్టడం. పని జట్టు, పడుకునే జట్టు ఒకటే అయ్యేలా చూస్తే జబ్బు ఒక గదితో ఆగే అవకాశం ఉంటుంది. క్షయ విషయంలో కూడా గాలి ఆడే షెడ్డు అవసరమే.

రెండో సంగతి మన దగ్గరే జరిగింది. లాక్‌డౌన్‌లో కంది వద్ద ఐఐటీ హైదరాబాద్ నిర్మాణంలో ఉన్న వలస కార్మికులు కూలీ ఇవ్వాలని, ఊళ్లకు పంపాలని 2020 ఏప్రిల్ చివర ఆందోళన చేశారు. మే 1న దేశంలో మొదటి శ్రామిక్ రైలు లింగంపల్లి నుంచి సుమారు 1,200 మందితో జార్ఖండ్‌లోని హటియాకు బయలుదేరింది. గేటు మూసి, కూలీ ఆపితే ఎవరూ లోపల ఉండరు. క్వారంటైన్ అనే మాట ఎత్తేముందు ఆ రోజుల కూలీ, తిండి, ఇంటికి డబ్బు పంపే దారి ఏర్పాటు చేసుకోవాలి.

*ప్రశ్న: మా అపార్ట్‌మెంటు పక్కన కట్టడం సాగుతోంది. అక్కడి కూలీలను మా వీధి కొట్లకు రానివ్వకూడదని అసోసియేషన్‌లో తీర్మానం పెట్టబోతున్నారు. ఇది సరైనదేనా? – గృహిణి, మియాపూర్*

సరైనది కాదు, దాని వల్ల ఉపయోగమూ లేదు. ఏడిస్ దోమ మామూలుగా పుట్టిన చోటి నుంచి రెండు మూడు వందల మీటర్ల లోపలే తిరుగుతుంది, దానికి మీ ప్రహరీ అడ్డం కాదు. అసోసియేషన్ తరఫున బిల్డరుకు రాసి, సెల్లారు నీరు తోడించాలని అడగండి, స్పందన లేకపోతే మీ మునిసిపల్ సంస్థకు ఫిర్యాదు చేయండి. వెళ్లే ముందు మీ మేడ మీది ట్యాంకు మూతలు, పూలకుండీల కింది పళ్లేలు, కూలర్లు ఒకసారి చూసుకోండి. సైటు వారు ఎదురు అడిగే మొదటి ప్రశ్న అదే అవుతుంది.