మమలిగ జిగురైపోతోందా? తప్పు మీ చేతిది కాదు, పిండిది

తూర్పు ఐరోపాలోని మోల్డోవా వాళ్లు మొక్కజొన్న రవ్వతో చేసి, దారంతో ముక్కలు కోసుకునే గట్టి ముద్ద మమలిగ. అది చేస్తే దారంతో కోయడం అటుంచి, గరిటెకి జిగురులా పట్టేసిందని రాశారు కదండీ. వాడింది కార్న్‌ఫ్లోర్ అన్నారు, తంటా అంతా అక్కడే. మన కొట్లలో ఆ పేరుతో అమ్మే తెల్లపొడి సూప్ చిక్కబరచడానికే పనికొస్తుంది. దీనికి కావాల్సింది పసుపుపచ్చ మొక్కజొన్న రవ్వ.

కప్పు రవ్వకి మూడు కప్పుల నీళ్లు, ఉప్పు. ఎసరు మరిగాక ముందు గుప్పెడు రవ్వ చల్లి, మిగతాది సన్నగా పోస్తూ కలపండి. సన్నసెగ మీద అరగంట. రాగి సంకటి కెలికిన చెయ్యైతే వేరే చెప్పక్కర్లేదు. ముద్ద గిన్నె అంచులు వదిలాక చెక్కపలక మీద బోర్లించి పది నిమిషాలు ఆగండి. అప్పుడు అడుగున దారం దూర్చి పైకి లాగితే ముక్క నున్నగా తెగుతుంది. వేడి మీద తొందరపడితే మళ్లీ మొదటికే!

పక్కన వేసుకునే బ్రిన్జా గొర్రెపాల ఉప్పటి చీజ్. ఫెటా దగ్గరగా ఉంటుంది. పనీర్ అయితే చిదిమి, ఉప్పు కాస్త ఎక్కువే వేయండి. దీంతో వడ్డించే పుల్లటి మీగడ బదులు గుడ్డలో వేలాడగట్టిన పెరుగు చాలు.

వైన్ సంగతా? అక్కడి ఎర్రవైన్ ఫెతియాస్కా నియాగ్రా బాగా నప్పుతుంది. మిలెష్టి మిచ్ అనే ఊళ్లో సున్నపురాయి సొరంగాల్లో దాచిన వైన్ సీసాలకి 2005లో గిన్నిస్ రికార్డు కూడా వచ్చింది.