ఓర్లాండో వెళ్తున్న మేనకోడలికి: టైమ్‌షేర్‌లో దిగితే తిరగడం ఎలా

బుజ్జీ,

మేలో పిల్లల్ని తీసుకుని అమెరికాలో డిస్నీ, యూనివర్సల్ పార్కులుండే ఓర్లాండో వెళ్తున్నారని అన్నయ్య చెప్పాడు. అల్లుడుగారి క్లబ్ మహీంద్రా మెంబర్‌షిప్ మీద ఆర్‌సీఐలో (రిసార్టు వారాలు మార్చిపెట్టే సంస్థ) ఎక్స్ఛేంజ్ పెడితే అక్కడ ఒక టైమ్‌షేర్‌లో వారం దొరికిందట, మీ అత్తగారిని కూడా తీసుకెళ్తున్నారట. చాలా సంతోషం. ఏ రైడ్ ఎక్కాలి, ఏ షో చూడాలి అని చెప్పేవాళ్ళు నీకు చాలామంది ఉంటారు కాబట్టి నేను దాని జోలికి పోను. నేను రాసేది రాకపోకల గురించి. మా అబ్బాయి వాళ్ళతో అక్కడికి వెళ్ళినప్పుడల్లా నేను చూసింది ఇదే, డబ్బు టికెట్లకి పోతుంది, ఓపిక మాత్రం రాకపోకల్లో పోతుంది.

ముందు ఒక విషయం బాగా గుర్తుపెట్టుకో. టైమ్‌షేర్ అంటే ఏడాదికి కొన్ని రోజులు వాడుకునే హక్కు జనం కొనుక్కునే రిసార్ట్, హోటల్ గది కాదు. బెడ్‌రూములు, వంటిల్లు, బట్టలుతుక్కునే మెషీన్, ఎదురుగా స్విమ్మింగ్ పూల్ ఉన్న ఇల్లు. ఆ ఇంటి విలువ తెలిసేది మధ్యాహ్నం పూట. పొద్దున పార్కు తెరవకముందే గేటు దగ్గరుండి, ఒంటిగంటకల్లా ఇంటికొచ్చి, ఇంత పెరుగన్నం తిని పడుకుని, సాయంత్రం ఐదింటికి మళ్ళీ బయల్దేరితే పిల్లలు ఏడవరు, మీ అత్తగారు నీరసించరు. పొద్దున ఎనిమిదికి పోయి రాత్రి పదకొండుకి వచ్చేటట్లయితే అంత ఇల్లు ఎందుకు, ఏ చిన్న గదైనా సరిపోతుంది కదా. మరి మధ్యాహ్నం రావాలంటే బండి మీ చేతిలో ఉండాలి. అందుకే నా మాట సూటిగా చెప్తున్నా, కారు తీసుకోండి. రిసార్ట్ వాళ్ళ షటిల్‌ని నమ్ముకుని వెళ్ళకండి.

షటిల్ చెడ్డదని కాదు. కానీ 'పార్కులకి షటిల్ ఉంది' అని వాళ్ళు రాసే ఒక్క ముక్క చూసి మనం రోజంతా బస్సులు తిరుగుతుంటాయని అనుకుంటాం. చాలాచోట్ల పొద్దున ఒకటో రెండో ట్రిప్పులు, సాయంత్రం ఒకటో రెండో, అంతే, అవి కూడా ముందు రోజే సీటు చెప్పుకోవాలి, దారిలో ఇంకో రెండు మూడు రిసార్టుల్లో ఆగుతూ పోతాయి. షటిల్ తప్ప దారి లేదనుకుంటే ఇప్పుడే రిసార్ట్‌కి మెయిల్ పెట్టి అడుగు: ఏయే పార్కులకి వెళ్తుంది, డబ్బు తీసుకుంటారా, డిస్నీలోని మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కుకయితే ఎక్కడ దింపుతారు, రాత్రి ఆఖరి బండి అక్కడ కాల్చే బాణసంచాకి ముందా తర్వాతా, వీల్‌చైర్ ఎక్కించుకుంటారా. ఫోన్‌లో 'ఓ యస్' అంటారు, నమ్మకు, రాతలో తెప్పించుకో.

ఇంకా ముందు చూడాల్సింది రిసార్ట్ అసలు ఎక్కడుందన్నది. పేరులో ఓర్లాండో అని ఉన్నంత మాత్రాన పార్కు పక్కనే ఉందనుకోకూడదు. ఈ టైమ్‌షేర్లు ఎక్కువగా మూడు చోట్ల ఉంటాయి: కిసిమ్మీ వైపు 192 రోడ్డు మీద, డిస్నీకి ఆనుకుని లేక్ బ్యూనా విస్టాలో, యూనివర్సల్ వైపు ఇంటర్నేషనల్ డ్రైవ్ మీద. 192 రోడ్డు చాలా పొడవు, దాని మీద ఒక చివర దిగడానికీ డిస్నీ గేటు దగ్గర దిగడానికీ చాలా తేడా. మ్యాప్‌లో మైళ్ళు చూడకు, పొద్దున ఎనిమిదింటికి ఎన్ని నిమిషాలు పడుతుందో చూడు. ఐ-4 అని ఒక హైవే ఉంది, దాని మీద ట్రాఫిక్ మన ఐటీ కారిడార్ సాయంత్రాలకి ఏమీ తీసిపోదు. పైగా కొన్ని రిసార్టులే ఒక కాలనీ అంత ఉంటాయి, గది నుంచి మెయిన్ గేటు దాకా వెళ్ళడానికి లోపలే బండి కావాలి. మీ అత్తగారి మోకాళ్ళ సంగతి చెప్పి పార్కింగ్‌కి దగ్గరగా, కింది ఫ్లోర్‌లో ఇవ్వమని ముందే రాయండి. వెళ్ళాక అడిగితే అప్పటికి అన్నీ ఇచ్చేసి ఉంటారు.

డిస్నీ వాళ్ళకి సొంత టైమ్‌షేర్ కూడా ఉంది, 1991 నుంచి నడుపుతున్నారు. అందులో దిగినవాళ్ళకి పార్కుల్లో పార్కింగ్ ఉచితం, గది దగ్గర్నుంచే డిస్నీ బస్సులు. మీది అది కాదు కాబట్టి ఆ సౌకర్యాలు చదివి మీకూ వస్తాయని లెక్క వేసుకోవద్దు. బానెట్ క్రీక్ లాంటి రిసార్టులు చుట్టూ డిస్నీ భూముల మధ్యే ఉంటాయి, అయినా అక్కడ దిగినవాళ్ళు కూడా పార్కింగ్ డబ్బు కట్టాల్సిందే. మామూలు పార్కింగ్‌కి రోజు లెక్కన తీసుకుంటారు. అయితే ఆ రోజు కట్టింది ఆ రోజంతా చెల్లుతుంది. మధ్యాహ్నం ఇంటికొచ్చి సాయంత్రం వేరే డిస్నీ పార్కుకి వెళ్ళినా మళ్ళీ కట్టక్కర్లేదు. రసీదు పారేయకుండా డాష్‌బోర్డులో పెట్టుకోండి.

ఇక కారు సంగతి. అల్లుడుగారి లైసెన్స్ ఇంగ్లిష్‌లో ఉంటుంది కాబట్టి అక్కడ చూపించడానికి ఇబ్బంది లేదు, కానీ ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ కూడా ఉంటే రెంట్‌కిచ్చే కౌంటర్ దగ్గర వాదన ఉండదు. మన ఆర్‌టీఏ ఆఫీసులోనే ఇస్తారు, ఏడాదికి చెల్లుతుంది, పాస్‌పోర్టూ వీసా కాగితాలూ అడుగుతారు. కారు ఎవరు నడుపుతారో వాళ్ళ పేరు మీదే క్రెడిట్ కార్డు ఉండాలి, డిపాజిట్ కింద కొంత బ్లాక్ చేస్తారు, కాబట్టి లిమిట్ చూసుకోండి, ఇంటర్నేషనల్ వాడకం ఆన్ చేయించుకోండి. చిన్నవాడికి నాలుగేళ్ళు కదా, ఫ్లోరిడా చట్టం ప్రకారం ఐదేళ్ళు, అంతకంటే చిన్న పిల్లలకి కారులో పిల్లల సీటు తప్పనిసరి, ఒళ్ళో కూర్చోబెట్టుకోవడం కుదరదు. పెద్దదానికి ఎనిమిదేళ్ళయినా ఎత్తు పెంచే బూస్టర్ సీటు వేస్తేనే నాకు మనశ్శాంతి. కారుతో పాటు సీటు అద్దెకి తీసుకుంటే రోజుకింత అని లాగుతారు, వారానికి లెక్కేసి చూడు, వాల్‌మార్ట్‌లో కొత్తది కొనుక్కోవడమే చవక కావచ్చు.

టోల్ గురించి ఎవరూ ముందు చెప్పరు, నేను చెప్తున్నా. ఎయిర్‌పోర్టు నుంచి డిస్నీ వైపు వచ్చే 417, 528 రెండూ టోల్ రోడ్లే. మన ఓఆర్‌ఆర్ మీద ఫాస్టాగ్ లాగే తనంతట తనే తీసేసుకుంటుంది, కాకపోతే కెమెరా బండి నంబరు చూసి. టోల్ చిన్నదే, కానీ రెంటల్ కంపెనీ దాని మీద రోజువారీ సర్వీసు చార్జీ వేస్తుంది, అది టోల్ కంటే ఎక్కువవుతుంది. ఓర్లాండో ఎయిర్‌పోర్టులో రెంట్ కార్ల వాళ్ళకి విజిటర్ టోల్ పాస్ అని ఉచితంగా ఇస్తారు, అద్దానికి తగిలించుకునేది, బయల్దేరే ముందే దాని యాప్‌లో పేరు నమోదు చేసుకోండి. పెట్రోల్ బంకులో పంపు దగ్గర కార్డు పెడితే జిప్ కోడ్ (వాళ్ళ పిన్‌కోడ్) అడుగుతుంది, మన కార్డుకి అది ఉండదు, కంగారు పడకుండా లోపలికి వెళ్ళి కౌంటర్‌లో పంపు నంబరు చెప్పి ముందు డబ్బు కట్టేయండి.

నడపడం ఆయనకి రెండు గంటల్లో అలవాటైపోతుంది, కుడివైపు రోడ్డు అన్నది ఒక్కటే మొదట తికమక. కానీ దిగిన రోజు మాత్రం వద్దు. నేను గట్టిగా చెప్పే మాట ఇది. శంషాబాద్‌లో ఎక్కి దుబాయ్‌లో మారి వెళ్ళినా దాదాపు ఒక రోజు ప్రయాణం, మేలో వాళ్ళు మనకంటే తొమ్మిదిన్నర గంటలు వెనక ఉంటారు, కళ్ళు తెరిచి ఉన్నా బుర్ర పనిచేయదు. ఆ రోజు పెద్ద ఉబర్ ఒకటి మాట్లాడుకుని రిసార్ట్‌కి వెళ్ళిపోండి, కారు మర్నాడు తెచ్చుకోవచ్చు. డిస్నీ ఉచిత ఎయిర్‌పోర్టు బస్సు గురించి ఎవరైనా చెప్తే పాత మాట అనుకో, అది 2022లోనే ఆగిపోయింది, ఉన్నప్పుడూ డిస్నీ హోటళ్ళ వాళ్ళకే. మయామి నుంచి ఎయిర్‌పోర్టు దాకా 2023లో రైలు వచ్చింది కానీ అది పార్కులకి పోదు. టైమ్‌షేర్లలో చెక్-ఇన్ సాధారణంగా సాయంత్రం నాలుగుకి ఉంటుంది, ముందే చేరితే సామాను డెస్క్ దగ్గర పెట్టి పిల్లల్ని పూల్ దగ్గరికి తీసుకెళ్ళు, స్విమ్మింగ్ బట్టలు చేతిసంచిలోనే పెట్టుకో. జెట్‌లాగ్‌కి పిల్లలు మొదటి రెండు మూడు రోజులు తెల్లవారుజామున నాలుగింటికే లేస్తారు. దాన్ని వాడుకోండి, గేటు తెరిచే వేళకి వెళ్ళాల్సిన పార్కులన్నీ ఆ రోజుల్లోనే పెట్టుకోండి.

ఇప్పుడు మ్యాజిక్ కింగ్‌డమ్. డిస్నీలో పార్కులు నాలుగు, మిగతా మూడింటికీ కారు పెట్టి ఇలా నడిస్తే గేటు. దీనికి మాత్రం అలా కాదు. రామోజీ ఫిల్మ్ సిటీలో గేటు దగ్గర కారు పెట్టేసి వాళ్ళ బస్సులో లోపలికి పోతాం చూడు, అలాగే ఇక్కడ టీటీసీ అనే చోట కారు పెట్టి, అక్కడి నుంచి మోనోరైలు గానీ, చెరువు మీదుగా పెద్ద పడవ గానీ ఎక్కాలి. ఉబర్ కూడా మిమ్మల్ని టీటీసీలోనే దింపుతుంది. కాబట్టి పార్కు తొమ్మిదికి అంటే కారు ఎనిమిదింబావుకల్లా పార్కింగ్‌లో ఉండాలి. పడవలో వీల్‌చైర్ గానీ స్ట్రోలర్ (పిల్లల్ని తోసుకెళ్ళే బండి) గానీ మడవక్కర్లేదు, మీ అత్తగారికి అదే హాయి. రాత్రి బాణసంచా అయిపోగానే వేలమంది ఒక్కసారి అటే వస్తారు. అప్పుడు తోసుకోవద్దు. అరగంట పార్కు లోపలి మెయిన్ స్ట్రీట్‌లో ఎక్కడైనా కూర్చోండి, దుకాణాలు తెరిచే ఉంటాయి, ఆ తర్వాత హాయిగా నడుచుకుంటూ రండి. కారు పెట్టిన వరుస నంబరు ఫోటో తీసుకోవడం పెద్దదాని పని అని అప్పజెప్పు, దానికి సరదా.

ఎప్‌కాట్, హాలీవుడ్ స్టూడియోస్ అనే రెండు డిస్నీ పార్కుల మధ్య కారు తీయక్కర్లేదు. స్కైలైనర్ అని గాలిలో వేలాడుతూ పోయే డబ్బాలు 2019 నుంచి నడుస్తున్నాయి, పడవలూ ఉన్నాయి, ఏదైనా ఉచితమే, ఏ హోటల్లో దిగారని ఎవరూ అడగరు. కానీ కారు ఏ పార్కులో వదిలారో రాత్రి అక్కడికే తిరిగి రావాలి, అది మర్చిపోయి అర్ధరాత్రి తిరిగేవాళ్ళని చూశాను. ఇంకో మాట, దుకాణాలూ హోటళ్ళూ ఉండే డిస్నీ స్ప్రింగ్స్‌లో పార్కింగ్ ఉచితం కదా, అక్కడ పెట్టి బస్సులో పార్కుకి పోదాం అని ఎవరో ఒకరు అల్లుడుగారికి చెప్తారు. అక్కడి నుంచి పొద్దున పూట పార్కులకి నేరుగా బస్సు లేదు, హోటల్‌కి పోయి ఇంకోటి మారాలి, పెద్దావిడతో ఆ తంటాలు అక్కర్లేదు.

మీ అత్తగారు 'నేను నడుస్తాను, నాకు వీల్‌చైర్ ఎందుకు' అంటారు. ఒప్పుకోకు. పార్కులో రోజుకి పది కిలోమీటర్ల నడక తేలిగ్గా అవుతుంది. గేటు దగ్గర వీల్‌చైర్లు అద్దెకిస్తారు, ముందు వచ్చినవాళ్ళకే, అందుకే త్వరగా వెళ్ళడం. విమానాలకి కూడా టికెట్‌లోనే వీల్‌చైర్ రాయించు. చిన్నవాడికి స్ట్రోలర్ పట్టుకెళ్ళు, ఇక్కడ మానేసినా సరే.

యూనివర్సల్‌కి ఒకటే జాగ్రత్త. పార్కింగ్ భవనం నుంచి గేటుకి నడక ఎక్కువ, అక్కడక్కడా కదిలే బెల్టులున్నా సరే. ఎపిక్ యూనివర్స్ అని 2025 మేలో తెరిచిన కొత్త పార్కు పాత వాటి పక్కన లేదు, కొన్ని మైళ్ళ అవతల ఉంది, మ్యాప్‌లో దాని పేరే కొట్టి వెళ్ళండి.

మేలో ఎండ మనకి కొత్త కాదు, కానీ ఉక్కపోత ఎక్కువ. వేసవి ముదిరితే మధ్యాహ్నాలు ఉరుములతో వాన, పిడుగులుంటే స్కైలైనర్ ఆపేస్తారు. ఆ వేళకి ఇంట్లో ఉండటమే మంచిదని మళ్ళీ చెప్తున్నా. డిస్నీలోకి తిండి పట్టుకెళ్ళనిస్తారు, గాజు సీసాలు మాత్రం కూడదు, కాబట్టి పొద్దున్నే పులిహోర కలిపి పెట్టుకో. తాలింపు పెట్టేటప్పుడు చిమ్నీ వేసి కిటికీ తీయి, పొగకి అలారం మోగితే మొత్తం బిల్డింగ్ బయటికొస్తుంది.

ఆఖరున అసలు ముఖ్యమైనది. చెక్-ఇన్ అవ్వగానే 'పార్కింగ్ పాస్ పక్క డెస్క్‌లో తీసుకోండి' అంటారు. ఆ డెస్క్‌లో టికెట్ల మీద డిస్కౌంటు, గిఫ్ట్ కార్డు ఆశ పెట్టి, రేపు పొద్దున 90 నిమిషాలు వచ్చి టైమ్‌షేర్ కొనమని చెప్పే మీటింగ్‌లో కూర్చోమంటారు. మేము దిగిన ఒక చోట మా అబ్బాయిని అలా కూర్చోబెట్టి పూటంతా తినేశారు, పిల్లలు లాబీలో ఏడుస్తూ కూర్చున్నారు. సెలవుల్లో ఒక పొద్దుట పూట ఖరీదు ఆ గిఫ్ట్ కార్డు కంటే చాలా ఎక్కువ. పాస్ తీసుకుని నమస్కారం పెట్టి వచ్చేయండి. పొరపాటున కొంటామని సంతకం పెట్టినా ఫ్లోరిడా చట్టంలో పది రోజుల్లోపు రాసిచ్చి రద్దు చేసుకునే హక్కు ఉంది, మొహమాటపడి ఊరుకోకండి.

వెళ్ళే రోజు గది పొద్దున పదికల్లా ఖాళీ చేయాలి, విమానం రాత్రికైతే సామాను కారులో వేసుకుని తిరగకండి, డెస్క్‌లో పెట్టి పూల్ దగ్గరే గడపండి. పర్మిట్‌కి ఈ వారమే అప్లై చేయించు. రిసార్ట్ అడ్రస్ నాకు వాట్సాప్‌లో పంపు, ఏ పార్కు ఏ రోజు పెట్టుకోవాలో ఆదివారం కూర్చుని మాట్లాడుకుందాం, అల్లుడుగారిని కూడా రమ్మను.

మీ అత్త,
వనస్థలిపురం