ఇంట్లో బ్యాక్టీరియా పెంచితే ప్లేట్‌లో కనిపించేదేమిటి?

ఏడో తరగతి పాప సైన్స్ ప్రాజెక్టు కోసం ఫోను, తలుపు గడియ, గిన్నెలు తోమే స్పాంజి మీది బ్యాక్టీరియాను ఇంట్లో పెంచవచ్చా అని ఒకరు అడిగారు. పెంచవచ్చు. కాకపోతే ఒకసారి టేపు వేసిన మూత పారేసే రోజు దాకా మళ్లీ తీయకూడదు.

బ్యాక్టీరియా పెరగడానికి ప్లేట్‌లో జెల్లీలాంటి పొర కావాలి. దానికి జెలటిన్ వద్దు. మన ఎండాకాలపు వేడికే అది నీరుగారిపోతుంది, కొన్ని సూక్ష్మజీవులు దాన్ని తినేస్తాయి కూడా. జర్మన్ బ్యాక్టీరియా శాస్త్రవేత్త రాబర్ట్ కోహ్ ప్రయోగశాలలో ఇదే తలనొప్పి ఉంటే, 1880ల మొదట్లో అక్కడ పనిచేసిన వాల్టర్ హెస్సే భార్య ఫానీ హెస్సే తన వంటింటి అనుభవంతో, సముద్రపు నాచు నుంచి తీసే అగర్ వాడమని సూచించింది. కిరాణా కొట్లో చైనా గ్రాస్ పేరుతో దొరికేది అదే. పావు లీటరు నీళ్లలో నాలుగు గ్రాముల చైనా గ్రాస్, చెంచా పంచదార, కాస్త కూరగాయల రసం వేసి బాగా మరిగించి, శుభ్రమైన మూత ప్లేట్లలో పోయండి.

గడ్డకట్టాక, మరిగించి చల్లార్చిన నీటిలో తడిపిన ఇయర్‌బడ్‌తో స్పాంజిని తుడిచి, అగర్ మీద మెల్లగా రాయండి. ఒక ప్లేట్‌ను ఏమీ రాయకుండా వదిలేయండి. అందులోనూ ఏదైనా మొలిస్తే మీ తయారీలోనే లోపం ఉందన్నమాట. మూతలకు టేపు వేసి, ఆవిరి చుక్కలు అగర్ మీద పడకుండా ప్లేట్లను బోర్లించి ఉంచండి.

రెండు మూడు రోజుల్లో కనిపించే నున్నని చుక్క సాధారణంగా ఒకే కణం నుంచి పుట్టిన లక్షల సంతానం. నూగులా ఉంటే అది బూజు. రంగు చూసి ఫలానా బ్యాక్టీరియా అని పేరు పెట్టేయకండి. చుక్కలు తక్కువున్నంత మాత్రాన ఆ వస్తువు శుభ్రమనీ కాదు, చాలా బ్యాక్టీరియా ఈ తిండి మీద అసలు పెరగవు.

మరుగుదొడ్డి, పచ్చిమాంసం, పుండ్ల జోలికి పోవద్దు. చివర్లో పెద్దవాళ్లే గ్లవుజులతో ప్లేట్లను బ్లీచింగ్ ద్రావణంలో ముంచి, ఆ ద్రావణం లోపలే మూత వదులుచేసి రాత్రంతా ఉంచి పారేయాలి.