రికార్డుల షాపు పెడతానంటున్న చిన్నాకి

చిన్నా,

జాజ్ రీఇష్యూలు, అదే మళ్లీ ప్రెస్ చేసిన పాత ఆల్బమ్‌లు, అమ్ముతావంట, మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఉద్యోగం మానేస్తున్నాడక్కా అని తను ఏడుస్తుంటే నేను లోపల్లోపల పొంగిపోయా, తీరా ఫోన్ పెట్టేశాక నాకూ గుబులు పట్టుకుంది.

లెక్క ఏ రోజుది ఆ రోజు రాసుకో. రికార్డులు నిలబెట్టే ఉంచు, ఎండ తగలనీకు. ఇవి నీకు తెలిసినవే.

నా భయమంతా కవర్ మీద స్టిక్కర్ చూసి నమ్మేస్తావేమోనని. నాతో కలిసి షాపు నడిపినావిడ యూరప్ నుంచి చవగ్గా వస్తోందని ఒక లాట్ మొత్తం కొనేసింది, అన్నీ 1950ల ఆల్బమ్‌లే, ఒక్కో రికార్డు 180 గ్రాముల బరువు, తళతళలాడే కవర్లు. అక్కడ 1963కి ముందు రిలీజైన రికార్డింగుల మీద హక్కులు 50 ఏళ్లకే అయిపోయాయి, తర్వాత 70కి పెంచినా వాటికి వర్తించలేదు, కాబట్టి ఎవరైనా ప్రెస్ చేసుకోవచ్చు. కానీ మాస్టర్ టేప్, అంటే అసలు రికార్డింగ్ టేప్, వాళ్ల చేతికి రాదు కదా, చాలాసార్లు సీడీ లాంటి డిజిటల్ కాపీ నుంచే గాళ్లు కట్ చేస్తారు. ఈవిడేమో అడిగినవాళ్లందరికీ ఒరిజినల్ టేప్ నుంచే అని చెప్పింది, మోసం చేద్దామని కాదు, తను నమ్మే చెప్పింది. ఎప్పుడూ మా దగ్గరే కొనే ఒక పెద్దాయన ఆ రికార్డు తెచ్చి కౌంటర్ మీద పెట్టి "ఇది నా సీడీయేనమ్మా" అన్నాడు. డబ్బులిస్తామంటే వద్దన్నాడు. మళ్లీ రాలేదు. నాలుగు తిట్టిపోయినా బాగుండేదిరా.

2022లో మొబైల్ ఫిడిలిటీ అనే రీఇష్యూ కంపెనీ విషయంలో అంత గొడవ ఎందుకైంది? టేప్ నుంచి నేరుగా అనుకుని కొన్నవాటిలో మధ్యలో డిజిటల్ స్టెప్ ఉందని తేలింది. రికార్డులు బాగాలేవని కాదు, ముందే చెప్పలేదని జనానికి మండింది.

అందుకే బరువు చూసి కొనకు. ఏ సోర్సు, ఎవరు కట్ చేశారు, ఎక్కడ ప్రెస్ చేశారు, ఈ మూడూ అడుగు. జాజ్ కంపెనీ బ్లూ నోట్ వాళ్ల టోన్ పొయెట్ సిరీస్ చూడు, ఒరిజినల్ టేపుల నుంచి ఇంజనీర్ కెవిన్ గ్రే మాస్టర్ చేశాడని, అంటే ప్రెస్సింగుకి సిద్ధం చేశాడని, వాళ్లే చెప్పేస్తారు. పాత బ్లూ నోట్ దొరికితే దీపం కింద కాస్త వంచి, గాళ్లు అయిపోయి లేబుల్ మొదలయ్యే లోపు నున్నటి చోట చూడు, ఆర్‌వీజీ అనో వాన్ గెల్డర్ అనో ముద్ర ఉంటే ఆనాటి ఇంజనీర్ రూడీ వాన్ గెల్డర్ మాస్టరింగే. చిన్నప్పుడు నేను నీడిల్ దింపుతుంటే ఊపిరి బిగబట్టి చూసేవాడివి, నీకు ఆ ఓపిక ఉంది నాన్నా.

లిమిటెడ్ ఎడిషన్ అని పెట్టెలకి పెట్టెలు దాచావంటే మాత్రం ఊరుకోను. 1982లో మొదలైన ఒరిజినల్ జాజ్ క్లాసిక్స్ అనే రీఇష్యూ సిరీస్‌ని 2023లో క్రాఫ్ట్ రికార్డింగ్స్ కంపెనీ వాళ్లు మళ్లీ మొదలుపెట్టారు, దొరకవనుకున్న ఆల్బమ్‌లు ఇలాగే తిరిగొస్తాయి, నువ్వు దాచినవి నీ దగ్గరే మిగిలిపోతాయి. దాచుకున్న డబ్బంతా మొదటి ఆర్డర్‌లోనే పోసెయ్యకు, వింటున్నావా?

ఆ లిస్టు ముందు నాకు పంపు. సగం కొట్టేస్తాను, అలగకు.

పెద్దమ్మ