నామినీ బాబాయి అయితే నాన్న బీమా డబ్బు ఆయనదేనా?

ప్రశ్న: మా నాన్న పల్నాడు జిల్లాలో ఒక సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేస్తూ గుండెపోటుతో పోయారు. పెళ్లికి ముందే ఎల్‌ఐసీ పాలసీ ఒకటి తీసుకున్నారని అమ్మ అంటోంది. బాండు ఇంట్లో దొరకలేదు. ‘దానికి నామినీని నేనే, ఆ సంగతి నేను చూసుకుంటాలే’ అంటున్నాడు బాబాయి. నామినీ ఎవరో తెలుసుకునేదెలా? ఆయనే అయితే డబ్బంతా ఆయనకేనా? ఇంట్లో అమ్మ, నేను, తమ్ముడు ఉన్నాం. నానమ్మ, తాతయ్య లేరు.
– ఒక పాఠకురాలు, నరసరావుపేట

జవాబు: మీరు ముందుగా తెలుసుకోవాల్సింది చెబుతాను. మీ బాబాయి నామినీ అయినా ఆ డబ్బుకు ఆయన యజమాని కాడు. అది మీ ముగ్గురిదీ. కానీ ఎల్‌ఐసీ మాత్రం నామినీ ఖాతాలోనే వేస్తుంది. అలా వేసేశాక సంస్థ బాధ్యత తీరిపోతుంది, తర్వాత మీరు ఆయన దగ్గర రాబట్టుకోవాల్సిందే. అందుకే ఆలస్యం చేయొద్దంటున్నాను.

మొదటి పని పాలసీ నంబరు పట్టుకోవడం. బాండు పోయినా ప్రీమియం కట్టిన జాడ ఎక్కడో ఒకచోట ఉంటుంది. నాన్నగారి బ్యాంకు పాస్‌బుక్కులు పాతవాటితో సహా తిరగేయండి. ఫ్యాక్టరీలో జీతం నుంచే ప్రీమియం కోయించుకునేవారేమో పేస్లిప్పులు చూడండి, అకౌంట్స్ సెక్షన్‌లో అడగండి. జీతం, పన్ను వివరాలతో ఫ్యాక్టరీ ఏటా ఇచ్చే ఫారం 16లో 80సి (పన్ను మినహాయింపు) కింద బీమా చూపించి ఉండొచ్చు. పాత రసీదు ఒక్కటి దొరికితే చాలు, దాని మీద పాలసీ నంబరుతో పాటు ఏ బ్రాంచో కూడా ఉంటుంది. ఊళ్లో ఆ రోజుల్లో పాలసీలు కట్టించిన ఏజెంటు ఎవరో అమ్మకు గుర్తుండే ఉంటుంది, ఆయన్ని కలవండి. నాన్నగారి ఫోన్ నంబరును మాత్రం అప్పుడే వదులుకోవద్దు. బీమా, బ్యాంకు మెసేజీలన్నీ దానికే వస్తాయి.

పెళ్లికి ముందు పాలసీ అంటున్నారు కాబట్టి దాని గడువు నాన్నగారు ఉండగానే తీరిపోయి ఉండే అవకాశం కూడా ఉంది. అలా ఎవరూ తీసుకోని సొమ్మును వెతకడానికి ప్రతి బీమా సంస్థా తన వెబ్‌సైట్లో వీలు కల్పించింది. ఎల్‌ఐసీ సైట్లోనూ ఉంది. పేరు, పుట్టిన తేదీ, పాన్ లాంటి వివరాలతో చూడండి. పదేళ్లు ఎవరూ అడగని సొమ్ము కేంద్రం పెట్టిన సీనియర్ సిటిజన్ల సంక్షేమ నిధికి వెళ్తుంది. అక్కడికి వెళ్లినా మరో 25 ఏళ్ల వరకు క్లెయిమ్ చేసుకోవచ్చు.

నంబరు దొరికాక బ్రాంచికి వెళ్లి నోటిమాటగా అడిగి ఊరుకోవద్దు. అమ్మ పేరుతో ఉత్తరం రాయండి. నాన్నగారు ఫలానా తేదీన చనిపోయారని తెలియజేస్తూ మూడు సంగతులు అడగండి: పాలసీ అమల్లో ఉందా, రికార్డుల్లో ఉన్న నామినీ ఎవరు, పాలసీ మీద అప్పుగానీ ఎవరి పేరనైనా అసైన్‌మెంట్ (పాలసీ హక్కులు రాసివ్వడం) గానీ ఉందా. మరణ ధ్రువీకరణ పత్రం, తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, అమ్మ ఆధార్ జిరాక్సులు జతచేయండి. రెండో కాపీ మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోవడం మరవొద్దు. ‘నామినీకి తప్ప చెప్పం’ అని కౌంటర్లో అనొచ్చు. అప్పుడు ఆ మాటే రాతపూర్వకంగా ఇమ్మని అడగండి. జవాబు రాకపోతే డివిజనల్ ఆఫీసులోని ఫిర్యాదుల అధికారికి, అక్కడా కాకపోతే బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి.

బాబాయి మాటను అబద్ధమని ఇప్పుడే అనుకోవద్దు. పెళ్లికాని కుర్రాడు పాలసీ తీసుకుంటే అమ్మనో తమ్ముణ్నో నామినీగా రాయించడం ఎన్నో ఇళ్లలో జరిగింది. అలాగని అదే నిజమనీ అనుకోలేం. నాన్నగారు పెళ్లయ్యాక పేరు మార్పించి ఉండొచ్చు. చివరిగా నమోదైన పేరే లెక్కలోకి వస్తుంది. పాలసీని ఏదైనా బ్యాంకుకు అసైన్ చేసి అప్పు తెచ్చుకుని ఉంటే ముందు ఆ బాకీ తీరాలి.

ఇక చట్టం సంగతి. నామినీ కేవలం డబ్బు అందుకునే మనిషి, హక్కు వారసులదే అని సుప్రీంకోర్టు 1984లోనే సర్బతీ దేవి కేసులో తేల్చింది. 2015లో బీమా చట్టం 39వ సెక్షన్‌ను సవరించి తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు నామినీలైతే సొమ్ము వాళ్లకే చెందుతుందని చేర్చారు. దాని మీద కూడా కోర్టుల్లో వాదం నడుస్తోంది. వారసులు అడిగితే అలాంటి నామినీ సైతం వాటా ఇవ్వాల్సిందేనని కర్ణాటక హైకోర్టు 2025లో తీర్పిచ్చింది. మీకు ఆ చిక్కు లేదు. ఆ జాబితాలో పాలసీదారు తమ్ముడు, అంటే మీ బాబాయి, లేడు. కాబట్టి మీది హిందూ కుటుంబమైతే, నాన్నగారు వీలునామా రాయకపోతే, 1956 వారసత్వ చట్టం ప్రకారం అమ్మకు, మీకు, మీ తమ్ముడికి సమాన వాటాలు. మీకు పెళ్లయినా మీ వాటా తగ్గదు.

రికార్డుల్లో బాబాయి పేరే ఉంటే, క్లెయిమ్ ఫారాల మీద ఆయన సంతకం పెట్టకముందే పెద్దల ఎదుట కూర్చోండి. డబ్బు రాగానే ముగ్గురికీ ఇస్తానని స్టాంపు కాగితం మీద రాసివ్వమనండి. చాలామంది దీనికి ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే బ్రాంచికి అభ్యంతరం తెలుపుతూ ఉత్తరం ఇచ్చి, అదే వారంలో లాయరును కలవండి. ఉత్తరం ఒక్కదానితో చెల్లింపు ఆగుతుందన్న భరోసా లేదు. ఆపగలిగేది సివిల్ కోర్టు ఇచ్చే ఇంజంక్షన్ ఉత్తర్వే. చనిపోయినవారి సొమ్మును వసూలు చేసుకునే అధికారమిచ్చే సక్సెషన్ సర్టిఫికెట్ కూడా కోర్టు నుంచే తీసుకోవాలి.

మీరు అడగకపోయినా ఒక మాట. నాన్నగారు ఉద్యోగంలో ఉండగా పోయారు కాబట్టి పీఎఫ్‌తో పాటు దానికి అనుబంధంగా ఉండే ఉద్యోగుల బీమా ఈడీఎల్‌ఐ కూడా రావాలి, గరిష్ఠంగా 7 లక్షల వరకు. పీఎఫ్‌లో పద్ధతి వేరు. పెళ్లికి ముందు రాసిన నామినేషన్ కుటుంబం ఏర్పడగానే దానంతటదే చెల్లకుండా పోతుంది. అక్కడ పాత కాగితంలో బాబాయి పేరున్నా పనికిరాదు. ఈడీఎల్‌ఐకి ఫారం 5 ఐఎఫ్ నింపి ఫ్యాక్టరీ ద్వారా పంపండి. పాస్‌బుక్కు తిరగేసేటప్పుడు మే నెలాఖర్లోనో జూన్‌లోనో 436 రూపాయలు కట్ అయ్యాయేమో కూడా చూడండి. అది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా. నాన్నగారి వయసు 55 లోపు అయి ఉండి చనిపోయిన ఏడాదికి ప్రీమియం కట్ అయి ఉంటే 2 లక్షలు వస్తాయి, దానికి ఆ బ్యాంకు బ్రాంచిలోనే అడగాలి.